అమ్మ ఎప్పుడు భోంచేస్తుంది?



క్రిందటి వేసవి సెలవుల్లో మా విచారణలో పిల్లలకు సత్యోపదేశ తరగతులు జరిగాయి. "కుటుంబం ఒక చిన్న శ్రీసభ" అనేది ఆ రోజు పాఠం. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, "రాత్రిపూట మీ ఇంట్లో అందరూ భోజనం చేస్తున్న బొమ్మ వేయండి" అన్నాను. అరగంటలో ముప్పైకి పైగా బొమ్మలు వచ్చాయి. ఒక్కొక్కటే చూస్తూ పోయాను. చాలా బొమ్మల్లో నాన్న కూర్చున్నాడు, అన్న కూర్చున్నాడు, తాతయ్య మంచం మీద పళ్ళెం పట్టుకుని ఉన్నాడు. అమ్మ మాత్రం గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

నాలుగో తరగతి చదివే ఒక పాప వేసిన బొమ్మలో అమ్మ అసలే లేదు. "అమ్మ ఏదమ్మా?" అని అడిగాను. "అమ్మ వంటింట్లో ఉంది ఫాదర్, ఈ గదిలో లేదు" అంది. "మరి అమ్మ ఎప్పుడు భోంచేస్తుంది?" అన్నాను. ఆ పాప కాసేపు ఆలోచించి, "తెలియదు ఫాదర్. అప్పటికి నేను నిద్రపోతాను కదా" అంది.

ఆ పాప ఇల్లు నాకు తెలుసు. అక్కడ తాగుడు లేదు, కొట్లాట లేదు. తండ్రి ప్రతి ఆదివారం దివ్యపూజాబలికి వచ్చే మనిషి. సాయంకాలం ఇంటిల్లిపాది జపమాల చెప్పుకుంటారు. చెడ్డ ఇంటి గురించి అయితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఇది మంచి ఇంటి సంగతి. అందుకే మనం ఆలోచించాలి.

1. ఎవరూ సమర్థించరు, అందరూ పాటిస్తారు

"స్త్రీ పురుషులు సమానమేనా?" అని మన విచారణలో ఎవరిని అడిగినా, "సమానమే ఫాదర్ గారూ, ఈ రోజుల్లో తేడా ఏముంది? ఆడపిల్లలు ఇంజనీర్లవుతున్నారు, అమెరికా వెళుతున్నారు" అంటారు. అది నిజమే. మన అమ్మమ్మల కాలంలో బడి గడప తొక్కని ఆడపిల్లలు ఈనాడు కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు.

కాని ఒక పండుగ రోజు చూడండి. హైదరాబాదులో ఒకే రకమైన ఉద్యోగం చేస్తున్న అన్నాచెల్లెళ్ళు క్రిస్మసుకు ఇంటికి వస్తారు. ఇద్దరూ రాత్రంతా ఒకే బస్సులో ప్రయాణం చేశారు. ఇద్దరికీ ఒకే అలసట. తెల్లవారాక చెల్లెలు కొంగు బిగించి వంటింట్లోకి వెళుతుంది. అన్న సెల్‌ఫోను పట్టుకుని సోఫాలో వాలుతాడు. "బాబు అలసిపోయాడు, పడుకోనివ్వండి" అంటుంది తల్లి. కూతురి అలసట ఆమె కంటికి కనిపించదు. ఆ తల్లి చెడ్డది కాదు. ఆమెకు ఆమె తల్లి నేర్పింది అదే.

ఇది ఒకరిద్దరి ఇళ్ళ కథ కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ, మన దేశంలో ప్రజలు రోజులోని 24 గంటలను దేనికి వాడుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు నూటికి 26 మంది అని తేలింది. ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు 5 గంటలు దానికి వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే ఆ కొద్దిమంది పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. మిక్సీ వచ్చింది, గ్యాసు పొయ్యి వచ్చింది, బట్టలుతికే యంత్రం వచ్చింది. మీట నొక్కే చెయ్యి మాత్రం మారలేదు.

మాటలు కూడా అలాగే ఉన్నాయి. కొడుకు పుడితే "ఏం పెడుతున్నారు?" అని అడుగుతాం. కూతురు పుడితే "పోనీలే, తల్లీబిడ్డా క్షేమం కదా" అని ఓదారుస్తాం. ఏడ్చిన పిల్లవాణ్ణి "ఆడపిల్లలాగా ఏడుస్తావేంరా" అని కసురుతాం. ఆ ఒక్క మాట ఇద్దరికీ దెబ్బ. ఏడవడం తప్పని కొడుకు నేర్చుకుంటాడు, ఆడపిల్ల కావడమే చిన్నతనమని ప్రక్కన ఉన్న కూతురు నేర్చుకుంటుంది. ఆడపిల్లను పెంచడం పొరుగింటి చెట్టుకు నీళ్ళు పోయడమేనన్న సామెతను మనం నవ్వుతూనే చెబుతాం. వింటున్న ఆడపిల్ల మాత్రం తాను ఈ ఇంటి చెట్టును కానని అర్థం చేసుకుంటుంది.

ఆ భావన ఎంత దూరం పోతుందో జనాభా లెక్కలు చెబుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు 1991లో 975 మంది ఆడపిల్లలు ఉండేవారు. 2001లో 961కి, 2011లో 939కి తగ్గిపోయారు. గర్భంలోని శిశువు ఆడా మగా అని చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లోనే చట్టం వచ్చింది. అయినా సంఖ్య పడిపోయింది. "పోనీలే" అనే చిన్న మాటకు, ఆ లెక్కలో కనిపించని పసిబిడ్డలకు వేరు ఒక్కటే.

2. పెద్దల పొరపాటు, ఒక మంచి పాఠం

గురు విద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు మేము అరిస్టాటిల్‌ను శ్రద్ధగా చదివాం. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు ఆ మహామేధావి జీవుల పుట్టుక గురించి రాస్తూ, స్త్రీ ఒక విధంగా లోపంతో పుట్టిన పురుషుడు అన్నాడు. పదమూడో శతాబ్దంలో పునీత తోమాస్ అక్వినాస్ ఆ మాటను పూర్తిగా త్రోసిపుచ్చలేకపోయారు. విడిగా చూస్తే అది కొంత నిజమేననీ, మొత్తం ప్రకృతిలో చూస్తే స్త్రీ దేవుని సంకల్పంలో భాగమేననీ సర్దిచెప్పారు. అయితే ఆయనే మరోచోట మంచి మాట చెప్పారు. దేవుడు స్త్రీని పురుషుని తలనుండి చేయలేదు, ఆమె అతని మీద పెత్తనం చేయకూడదు. పాదం నుండి చేయలేదు, అతడు ఆమెను దాసిగా తృణీకరించకూడదు. ప్రక్క ఎముక నుండి చేశాడు, ఇద్దరూ తోడుగా ఉండాలని. ఆయన భావం ఇది.

అంతటి వారికే ఈ విషయంలో చూపు మసకబారింది. కారణం ఏమిటి? తమ చుట్టూ ప్రతి ఇంట్లో ప్రతిరోజూ కనిపిస్తున్న దాన్ని వారు ప్రకృతి నియమం అనుకున్నారు. మనమూ అదే చేస్తున్నాం. "ఆడవాళ్ళకు వంట సహజంగా వస్తుంది" అంటాం. వంట ఎవరికీ సహజంగా రాదు. పెళ్ళిళ్ళలో వెయ్యి మందికి వండే వంటవాళ్ళలో ఎంతమంది మగవాళ్ళో చూడండి. డబ్బు వచ్చే వంట మగవారికి బాగానే వస్తుంది. డబ్బు రాని వంటే రాదు.

ఆ అరిస్టాటిల్ దగ్గరే మనకు పనికివచ్చే పాఠం ఒకటి ఉంది. మంచి గుణమైనా చెడు గుణమైనా పదేపదే చేసే పనుల వల్లనే మనిషిలో స్థిరపడుతుందని ఆయన బోధించాడు. శ్రీసభ కూడా ఈ బోధను స్వీకరించింది. చెడు అలవాటును ఒక ప్రసంగం విని వదిలించుకోలేం. దానికి ఎదురు పనిని రోజూ చేయాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివరిలో మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

3. దేవుని వాక్కు ఏం నేర్పుతోంది?

ఆదికాండం 1:27 ప్రకారం దేవుడు నరుని తన పోలికలో సృజించాడు, స్త్రీనిగాను పురుషునిగాను సృజించాడు. దేవుని పోలిక పురుషునిలో నిండుగా, స్త్రీలో సగంగా లేదు. ఆదికాండం 2:18లో స్త్రీని "తోడు", "సహాయం" అనే అర్థమిచ్చే హీబ్రూ మాటతో పిలిచారు. ఆ మాట విని "చూశారా, సహాయకురాలు అంటే పనిమనిషే కదా" అనుకునేవారు ఉన్నారు. అదే హీబ్రూ మాటను 121వ కీర్తనలో దేవునికే వాడారు. కొండల వైపు కన్నులెత్తిన భక్తునికి వచ్చే సహాయం ప్రభువు నుండే. దేవుడు మనకు పనిమనిషా?

మరి భర్త ఏలుతాడన్న మాట? అది ఆదికాండం 3:16లో ఉంది, అంటే పాపం ప్రవేశించిన తరువాత. అది దేవుని ఆజ్ఞ కాదు, పాపం వల్ల పాడైన సంబంధం ఎలా ఉంటుందో చెప్పిన మాట. ఆ అధ్యాయంలోనే నేల ముళ్ళ తుప్పలను మొలిపిస్తుందని కూడా ఉంది. అది దేవుని మాట కనుక మన పొలంలో కలుపు తీయకుండా వదిలేస్తున్నామా?

యేసుప్రభువు ప్రవర్తన చూడండి. బెతానియాలో మరియమ్మ ఆయన పాదాల చెంత కూర్చుంది (లూకా 10:39). గురువు పాదాల చెంత కూర్చోవడం శిష్యుల పద్ధతి. పునీత పౌలు గమలీయేలు పాదాల చెంత విద్య నేర్చుకున్నానని చెప్పుకున్నాడు (అపొ.కా. 22:3). మరియమ్మను "లేచి వంటింట్లోకి వెళ్ళు" అని ప్రభువు అనలేదు. పద్దెనిమిదేళ్ళుగా నడుం వంగిపోయిన స్త్రీని ప్రార్థనా మందిరంలో తానే పిలిచి నిలబెట్టి, అబ్రహాము కుమార్తె అన్నాడు (లూకా 13:10-17). వ్యభిచారంలో పట్టుబడిందని ఒక స్త్రీని తెచ్చినవారు ఆ పురుషుని తీసుకురాలేదు. ధర్మశాస్త్రం ఇద్దరికీ ఒకే శిక్ష చెప్పింది (లేవీ. 20:10). మన ఊరి పంచాయితీలు ఈనాటికీ ఆ పురుషుని ఇంటి దగ్గరే వదిలి వస్తున్నాయి.

ఇంకొక దృశ్యం మనం తరచుగా చదువుతాం గాని తలకెక్కించుకోం. ఉత్థానమైన ప్రభువు తిబేరియా సరస్సు ఒడ్డున ఏం చేశాడు? రాత్రంతా వలలు వేసి అలసిన శిష్యులు ఒడ్డుకు వచ్చేసరికి బొగ్గుల నిప్పు మీద చేపలు సిద్ధంగా ఉన్నాయి, రొట్టె ఉంది. వచ్చి తినమని పిలిచి, తానే వడ్డించాడు (యోహాను 21:9-13). మరణాన్ని జయించిన ప్రభువుకు పొయ్యి దగ్గర కూర్చోవడం చిన్నతనం కాలేదు. అంతకు ముందు కడరా భోజనం నాడు తువాలు కట్టుకుని పాదాలు కడిగినవాడూ ఆయనే. ప్రభువు చేసిన పని మనం చేస్తే మన మగతనం తగ్గిపోతుందా?

4. శ్రీసభ బోధన

రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన "నేటి ప్రపంచంలో శ్రీసభ" అనే పత్రం 29వ భాగంలో, స్త్రీ పురుష భేదంతో చూపే వివక్ష దేవుని సంకల్పానికి విరుద్ధం, దాన్ని తొలగించాలి అని బోధించింది. జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు 1988లో స్త్రీల గౌరవం గురించి రాసిన లేఖలో, ఎఫెసీయులు 5వ అధ్యాయంలోని లోబడి ఉండటం భార్యకు మాత్రమే చెప్పింది కాదని, క్రీస్తునందు భార్యాభర్తలు ఇద్దరూ ఒకరికొకరు లోబడాలని వివరించారు. 1995లో స్త్రీలకు రాసిన లేఖలో, స్త్రీలను కించపరచిన చరిత్రలో శ్రీసభ బిడ్డల బాధ్యత కూడా ఉన్నందుకు విచారం తెలిపారు. భారతదేశపు కతోలిక మేత్రాణుల సమాఖ్య 2010లో స్త్రీ పురుష సమానత్వం గురించి ఒక విధాన పత్రాన్నే ప్రకటించింది. బోధనలో లోటు లేదు. అది మన వంటింటి గడప దాటి లోపలికి రావాలి.

5. చట్టం మారింది, సంతకం మారలేదు

కేరళలో తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవులకు 1916 నాటి ఒక వారసత్వ చట్టం ఉండేది. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే, కూతురికి వచ్చేది కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా 5000 రూపాయలు. ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే క్రైస్తవ ఉపాధ్యాయురాలు సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1986లో సమాన వాటాకు తీర్పు తెచ్చారు. ఆ తీర్పును అక్కడి క్రైస్తవ పెద్దలలో చాలామంది హర్షించలేదు.

ఈ సంగతి చెబితే మనవారు "అయ్యో, అంత అన్యాయమా" అంటారు. మన ప్రాంతంలో క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం కొడుకులకూ కూతుళ్ళకూ మొదటినుండి సమాన భాగమే ఇచ్చింది. హిందూ వారసత్వ చట్టం క్రింద ఉన్నవారికి కూడా మన రాష్ట్రంలో 1985లో, దేశమంతటా 2005లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. మరి మన ఇళ్ళలో ఎంతమంది కూతుళ్ళకు భూమి దక్కింది?

తండ్రి పోయిన కొద్ది నెలలకు "అక్కా, ఇక్కడ ఒక సంతకం పెట్టు" అంటూ తమ్ముడు కాగితం తెస్తాడు. ఆమె పెడుతుంది. పెట్టకపోతే పుట్టింటి గడప మూసుకుపోతుందని భయం. "పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా" అంటాం. పెళ్ళినాడు ఇచ్చిన కట్నం ఎవరి చేతికి వెళ్ళింది? ఆమె చేతికి కాదు. 1961 నుండి కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ చట్టప్రకారం నేరమే. దేవాలయంలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదువుతున్నప్పుడే వెలుపల చెట్టు క్రింద బేరం సాగుతూ ఉంటుంది. కొడుకు చదువుకూ ఖర్చు పెట్టాం. అతని వాటాలో అది తగ్గించామా? తన వాటాను చెల్లెలికి ఇష్టంగా వదులుకున్న అన్న కథ ఎక్కడైనా విన్నామా? వదులుకోవడం ఎప్పుడూ ఒకవైపు నుండే జరుగుతుంటే దాన్ని ప్రేమ అని పిలవడం న్యాయం కాదు.

6. సర్దుకుపొమ్మని చెప్పిన గురువు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. గురుపట్టం పొందిన తొలి సంవత్సరాలలో ఒక విచారణలో ఉండగా, ఒక తల్లి సాయంత్రం వేళ గురువుల ఇంటికి వచ్చింది. భర్త కొడుతున్నాడని చెప్పింది. నేను ఆమె చెప్పింది పూర్తిగా వినకుండానే, "భర్త కదమ్మా, కాస్త సర్దుకుపో. నువ్వు ఎదురు మాట్లాడకు. ప్రార్థన చెయ్యి, నేను కూడా పూజలో గుర్తుంచుకుంటాను" అని పంపించాను. ఏదో మంచి సలహా ఇచ్చాననే తృప్తి కూడా కలిగింది. నాలుగైదు నెలల తరువాత ఆమె చేతికి కట్టుతో దేవాలయంలో కనిపించింది. ఎముక విరిగింది. నన్ను నిందించలేదు. "మీరు చెప్పినట్టే సర్దుకున్నాను ఫాదర్ గారూ" అంది. ఆమె గొంతులో కోపం లేదు. నా సలహా దేవుని మాట అని ఆమె నమ్మింది. ఆ మాట నేను ఈనాటికీ మరచిపోలేదు.

2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భార్య చెప్పకుండా బయటకు వెళ్ళడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు వాదించడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం సమంజసమేనా అని అడిగారు. ఏదో ఒకదానికి సమంజసమే అన్న స్త్రీలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి దాదాపు 84 మంది. దెబ్బలు తినేవారే దెబ్బలు న్యాయమంటున్నారు. వారికి ఆ పాఠం నేర్పింది ఎవరు? తల్లి, అత్త, సినిమా, ఇరుగుపొరుగు, కొంతవరకు నావంటి గురువులు.

కనుక ఇప్పుడు స్పష్టంగా చెబుతున్నాను. భార్యను కొట్టడం పాపం. "కోపంలో ఒక దెబ్బ" అనేది కూడా పాపమే. దెబ్బలు భరించడం వివాహ సంస్కారంలో భాగం కాదు. జీవిత భాగస్వామి వల్ల శరీరానికో ఆత్మకో పెద్ద ప్రమాదం ఉంటే విడిగా నివసించవచ్చునని శ్రీసభ చట్టమే (1153వ సూత్రం) చెబుతోంది. మామూలుగా మేత్రాణులవారి అనుమతితో, ఆలస్యమైతే ప్రమాదమనుకుంటే తనంతట తానుగా కూడా. జగద్గురువు ఫ్రాన్సిస్ గారు 2016లో కుటుంబ ప్రేమ గురించి రాసిన పత్రంలో, కొన్ని పరిస్థితుల్లో అలా విడిగా ఉండటం నైతికంగా అవసరం కూడా కావచ్చునన్నారు. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లోనే ఉండే హక్కునూ రక్షణనూ ఇస్తుంది. 181 అనే నంబరు స్త్రీల సహాయం కోసమే ఉంది. అక్కచెల్లెళ్ళారా, మీ విచారణ గురువు సర్దుకుపొమ్మని మాత్రమే చెబితే, మళ్ళీ వచ్చి మళ్ళీ చెప్పండి. సిస్టర్లకు చెప్పండి. మౌనంగా ఉండకండి.

7. దేవాలయంలో మన అలవాట్లు

ఇల్లు సరే, దేవాలయం సంగతి? శనివారం ఊడ్చేది, కడిగేది, పూలు పెట్టేది, పాటలు పాడేది, రోగుల ఇళ్ళకు వెళ్ళి జపమాల చెప్పేది ఎక్కువగా స్త్రీలే. విచారణ సలహా సంఘంలో పండుగ ఖర్చు, స్థలం, కట్టడం గురించి తీర్మానాలు చేసేది ఎక్కువగా పురుషులే. సభ్యులుగా ఉన్న ఒకరిద్దరు స్త్రీలు వెనక వరుసలో కూర్చుంటారు. మధ్యలో టీ తెచ్చే పని కూడా వారిదే అవుతుంది. మా గురువులం కూడా తక్కువ తినలేదు. మేము త్రాగిన కాఫీ గ్లాసు ఎవరు కడుగుతున్నారో చాలామందిమి వెనక్కి తిరిగి చూడం.

భర్త పోయిన తల్లిని కొడుకు పెళ్ళిలో వెనక్కి నిలబెట్టే అలవాటు క్రైస్తవులమైన మనలోనూ ఉంది. నాయీను ఊరి విధవరాలి దగ్గరకు ప్రభువు తానే నడిచి వెళ్ళి కనికరించాడు (లూకా 7:11-15). ఆ తల్లి దీవెన అశుభమని మనకు ఎవరు చెప్పారు?

శ్రీసభ ముందుకు నడుస్తోంది. పవిత్ర గురువారం పాదాలు కడిగే ఆచారంలో స్త్రీలను కూడా చేర్చవచ్చునని 2016లో నియమం మారింది. ఆ సంవత్సరమే, ఉత్థాన వార్తను మొదట అపొస్తలులకు మోసుకెళ్ళిన మగ్దలా మరియమ్మ జ్ఞాపకదినాన్ని అపొస్తలుల ఉత్సవాలతో సమానంగా పెంచారు. పఠనాలు చదివే సేవకూ బలిపీఠ సేవకూ స్త్రీలను అధికారికంగా నియమించే వీలు 2021లో కలిగింది. వీటిలో ఎన్ని మన విచారణలో అమలవుతున్నాయో లెక్క చూసుకుందాం. ఆనాడు స్త్రీలు తెచ్చిన ఉత్థాన వార్తను అపొస్తలులు వట్టి మాటలుగా కొట్టిపారేశారని లూకా 24:11 దాచకుండా చెబుతుంది. ఆ తప్పు మన సభల్లో ఇంకా జరుగుతూనే ఉంది.

8. రెండు సందేహాలు

"ఆడవారికి ఆడవారే శత్రువులు ఫాదర్ గారూ, కోడలిని బాధించేది అత్తే కదా" అంటారు కొందరు. కొన్ని ఇళ్ళలో నిజమే. కాని ఆ అత్త కూడా ఒకనాడు అందరి తరువాత తిన్న కోడలే. ముప్పై ఏళ్ళకు గాని ఆమెకు ఇంట్లో కాస్త అధికారం దక్కలేదు. అది కూడా కొడుకు తల్లి కాబట్టి దక్కింది. అన్యాయం ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారింది. ప్రక్క గదిలో పేపరు చదువుతూ కూర్చున్న మగవారి బాధ్యత దానివల్ల తగ్గిపోదు.

"ఇలా మాట్లాడితే కుటుంబాలు విడిపోతాయి" అన్నది రెండో సందేహం. ఒక మనిషి అలసట మీద నిలబడిన శాంతి, ఆ మనిషి మంచాన పడిన రోజున కూలిపోతుంది. కలిసి మోసే కుటుంబం అలా కూలదు. బిడ్డకు స్నానం చేయించే తండ్రి ఆ బిడ్డకు దగ్గరవుతాడు. చాలామంది తండ్రులు పిల్లలు పెద్దవారయ్యాక "వీళ్ళు నాతో మాట్లాడరు, అన్నీ వాళ్ళమ్మతోనే" అని బాధపడతారు. ఈ అలవాటు పురుషులనుండి కూడా ఒక వరాన్ని లాక్కుంటోంది.

9. ఈ వారం ఇంటిలో

ఎదురు పనిని రోజూ చేస్తేనే పాత అలవాటు పోతుందని పైన అనుకున్నాం కదా. కాబట్టి పెద్ద తీర్మానాలు వద్దు. ఈ ఏడు రోజులు ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది: రాత్రి భోజనానికి అందరూ ఒకేసారి కూర్చోండి. వంట పాత్రలన్నీ మధ్యలో పెట్టుకోండి, ఎవరికి వారు వడ్డించుకోండి. అమ్మ కూర్చునేవరకు ఎవరూ ముద్ద ఎత్తవద్దు. భోజన ప్రార్థన అప్పుడే చెప్పండి.

రెండవది: తిన్న పళ్ళెం ఎవరిది వారే కడగాలి. నాన్నతో మొదలుపెట్టండి. కొడుకులు నాన్నను చూసి నేర్చుకుంటారు, నా వ్యాసం చదివి కాదు.

మూడవది: "ఆడపిల్లలాగా", "మగాడివై ఉండి" అనే మాటలను ఇంట్లో మానివేయండి. ఎవరైనా నోరు జారితే పిల్లలు గుర్తుచేయవచ్చు. దాన్ని ఎదురు చెప్పడంగా పెద్దలు తీసుకోవద్దు.

నాలుగవది: భార్యాభర్తలు పది నిమిషాలు కూర్చుని, ఆస్తి విషయంలో కూతురికీ కొడుకుకూ ఏం రాసిపెట్టాలో మాట్లాడుకోండి. అక్కచెల్లెళ్ళ చేత ఇదివరకే సంతకం పెట్టించుకున్నవారు, జక్కయ్య ప్రభువును ఇంటికి చేర్చుకున్న రోజున ఏం చేశాడో (లూకా 19:8) ఒకసారి చదువుకోండి.

ఆత్మశోధనకు ప్రశ్నలు

దివ్యపూజ ఆరంభంలో మనం ఒప్పుకునే పాపాల్లో చివరిది చేయవలసింది చేయకపోవడం. పాపసంకీర్తనానికి వచ్చేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.

నా ఇంట్లో చివరగా నిద్రపోయేది, మొదట లేచేది ఎవరు? ఆమె భారం తగ్గించడానికి నేను ఈ నెలలో ఏం చేశాను?

నా కూతురికి వద్దన్న దేన్ని నా కొడుకుకు ఇచ్చాను? దానికి నిజమైన కారణం ఉందా, అలవాటేనా?

ఇంట్లోని స్త్రీ మీద చేయి ఎత్తానా? మాటతో, మౌనంతో, డబ్బుతో బాధించానా?

ప్రక్కింట్లో అరుపులు వినిపించినప్పుడు "వాళ్ళ ఇంటి విషయం" అని తలుపు వేసుకున్నానా?

ప్రార్థన

ప్రభువా, నీవు ఒక తల్లి చేతి వంట తిని పెరిగావు. శిష్యుల పాదాలు కడిగావు, వారికోసం నిప్పు రాజేసి చేపలు కాల్చావు. మా ఇళ్ళలో అలసిన చేతులను చూడగల కన్నులు మాకు ఇవ్వు. దెబ్బలు తింటున్న నీ కుమార్తెలకు ధైర్యాన్ని, అండగా నిలిచే మనుషులను ప్రసాదించు. వారి మాట వినని గురువులమైన మమ్ము క్షమించు. మా కొడుకులకు మృదుత్వాన్ని, మా కూతుళ్ళకు నిటారుగా నిలబడే బలాన్ని దయచేయి. నజరేతు ఇంటిలో నీతో కలిసి భోజనం చేసిన మరియమాత, పునీత జోజప్పగారు మాకొరకు వేడుకొందురుగాక. ఆమెన్.